చేయి చెవికి అందిందా?

పుట్టిన తేదీ కాగితం మీద లేని రోజుల్లో పిల్లవాడు బడికి ఎదిగాడో లేదో తేల్చడానికి ఒక కొలత ఉండేది. కుడిచేతిని నడినెత్తి మీదుగా పోనిచ్చి ఎడమ చెవిని పట్టుకోమనేవారు. వేళ్లకు చెవి అందితే పేరు రాసుకునేవారు, అందకపోతే వచ్చే ఏడాది తీసుకురమ్మనేవారు. పేరు రాసేటప్పుడు తల్లిదండ్రులకు తేదీ తెలియకపోతే మాస్టారే ఏ జూన్ ఒకటో, జూలై ఒకటో వేసేసేవారు. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో పాత తరం వాళ్ల కాగితాలు తిరగేస్తే ఆ రెండు రోజుల్లో పుట్టినవాళ్లు అంతమంది కనిపించడానికి కారణం అదే.

ఆ చెవి కొలతను ఇప్పుడు నవ్వులాటగా చెప్పుకుంటారు కానీ, దానిలో కొంత లెక్క ఉంది. పుట్టినప్పుడు బిడ్డ పొడవులో దాదాపు నాలుగో వంతు తలే. ఎదిగేకొద్దీ కాళ్లూ చేతులూ సాగి, ఆరేళ్ల ప్రాంతానికి తల వాటా ఆరో వంతుకు దగ్గరపడుతుంది. చేయి తలను చుట్టి అవతలి చెవిని అందుకునేది కూడా సుమారుగా అప్పుడే. జర్మనీలో కూడా ఒకప్పుడు ఇదే కొలత వాడారు. పోషణ తక్కువై పొట్టిగా ఉన్న పిల్లలకు దీనివల్ల అన్యాయం జరిగి ఉంటుంది, అందులో సందేహం లేదు. అయినా ఆ కొలతకు ఒక మంచి గుణం ఉంది. బడికి రాకముందే పిల్లవాడికి ఏమి వచ్చునని అది అడగలేదు.

ఇప్పుడు అడిగేది అదొక్కటే. ఏ నుంచి జెడ్ వరకు చెబుతాడా, వందదాకా అంకెలు వచ్చా, రంగుల పేర్లు ఇంగ్లీషులో తెలుసా అని చూస్తున్నారు. సంక్రాంతికి హైదరాబాదు నుంచీ విశాఖ నుంచీ చెన్నై నుంచీ ఊరికి చేరిన బంధువులు మూడున్నరేళ్ల పిల్లను ఒళ్లో కూర్చోబెట్టుకుని ముందుగా వేసే ప్రశ్న, "ఇంకా బడిలో వేయలేదా?" అని. పండుగ వెళ్లిన వారానికి కూడళ్లలో కాన్వెంట్ల ఫ్లెక్సీలు లేస్తాయి. ఫలానా తేదీలోపు చేరితే ఫీజులో తగ్గింపు అంటారు. జూన్‌లో తెరిచే బడి గురించి జనవరిలోనే తేల్చుకోవలసి వస్తుంది. మూడేళ్ల బిడ్డలో ఐదు నెలల్లో వచ్చే మార్పు చిన్నది కాదు. జనవరిలో ఒంటికి పోవాలని చెప్పలేని పిల్ల జూన్ నాటికి చక్కగా చెప్పవచ్చు. జనవరిలో ఉత్సాహంగా సంచి తగిలించుకున్న పిల్లవాడు తమ్ముడు పుట్టాక జూన్‌లో అమ్మ కొంగు వదలకపోవచ్చు. తొందరగా తేల్చుకోవడం వల్ల లాభం కాన్వెంటుకే తప్ప పిల్లకు లేదు.

వయసు గురించి ప్రభుత్వం చెప్పేది ఇప్పుడు స్పష్టంగానే ఉంది. 2020 జాతీయ విద్యా విధానం మూడు నుంచి ఎనిమిదేళ్ల వరకు ఒకే పునాది దశగా చూస్తుంది. అందులో మొదటి మూడేళ్లు బడికి ముందటి చదువు, తర్వాతి రెండేళ్లు ఒకటి, రెండు తరగతులు. అంటే ఒకటో తరగతికి ఆరేళ్లు నిండాలి. ఆ ప్రకారం ప్రవేశాలు సరిచేయమని కేంద్ర విద్యాశాఖ 2023 ఫిబ్రవరిలో రాష్ట్రాలకు రాసింది కూడా. విద్యాహక్కు చట్టం వర్తించేది సైతం ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలకే. ఆంధ్రలో మాత్రం ఐదు నిండగానే ఒకటో తరగతి అనే అలవాటు పాతది, గట్టిది. ఆ అలవాటు నుంచి వెనక్కి లెక్క వేస్తే యూకేజీ నాలుగేళ్లకు, ఎల్‌కేజీ మూడేళ్లకు, నర్సరీ రెండేళ్లకు వచ్చి పడతాయి. రెండేళ్ల పిల్లకు యూనిఫాం కుట్టించడం ఈ వెనకలెక్క పుణ్యమే.

లెక్క ఒకసారి వేసి చూడవచ్చు. 2022 నవంబరులో పుట్టిన పిల్లకు 2026 జూన్‌కు మూడేళ్ల ఏడు నెలలు. ఆ జూన్‌లో ఎల్‌కేజీలో వేస్తే ఒకటో తరగతికి వెళ్లేది ఐదేళ్ల ఏడు నెలలకు. ఒక ఏడాది ఇంట్లోనో అంగన్‌వాడీలోనో నర్సరీలోనో ఉంచి 2027లో ఎల్‌కేజీలో వేస్తే ఆరేళ్ల ఏడు నెలలకు వెళుతుంది. రెండో దారిలో పదో తరగతి ఒక ఏడాది ఆలస్యమవుతుందన్నదే పెద్దల దిగులు. "ఏడాది వృథా" అనే మాట ప్రతి ఇంట్లో వినిపిస్తుంది. పోయిందనుకునే ఆ ఏడాదిలో పిల్ల చేసే పనుల గురించి మాత్రం ఎవరూ మాట్లాడరు. తాతతో సంతకు వెళ్లి కూరగాయలు ఎంచడం, వాన నీటిలో పడవలు వదలడం, పక్కింటి పిల్లలతో వంతుల కోసం తగువు పడి మళ్లీ కలిసిపోవడం ఆ వయసుకు తగిన చదువే.

తరగతిలో అందరికన్నా చిన్నవాళ్లుగా కూర్చునే పిల్లల సంగతి మీద చాలా దేశాల్లో పరిశీలనలు జరిగాయి. అమెరికాలో సెప్టెంబరు ఒకటి ప్రవేశ తేదీగా ఉన్న రాష్ట్రాల పిల్లల వివరాలతో 2018లో వచ్చిన ఒక అధ్యయనంలో, ఆగస్టులో పుట్టి తరగతిలో అందరికన్నా చిన్నవాళ్లైన పిల్లలకు, సెప్టెంబరులో పుట్టి అందరికన్నా పెద్దవాళ్లైన పిల్లలతో పోలిస్తే, ఏకాగ్రత లోపం, అతి చురుకుదనం అనే జబ్బు ముద్ర 34 శాతం ఎక్కువగా పడినట్టు తేలింది. పుట్టిన నెల మారితే జబ్బు మారదు. పక్కన కూర్చున్నవాడు పదకొండు నెలలు పెద్దవాడు కావడం వల్ల చిన్నవాడి కదలిక మాస్టారి కంటికి అల్లరిగా కనిపించింది, అంతే. మన దగ్గర జబ్బు పేరు పెట్టేవాళ్లు తక్కువ. "మొద్దు", "అల్లరి వెధవ" అనే పేర్లు పెడతారు. ఫిన్లాండులో అసలు బడి ఏడేళ్లకు మొదలవుతుంది, అంతకు ముందు ఒక ఏడాది ఆటపాటల తరగతి. ఆ దేశాన్ని ఇక్కడికి తెచ్చి పెట్టమని ఎవరూ అనరు, కానీ ఏడేళ్లదాకా అక్షరాలు దిద్దకపోతే బతుకు పాడవుతుందన్న భయానికి అది చాలినంత జవాబు.

వయసు ఒక హద్దు మాత్రమే చెబుతుంది. హద్దు లోపల ఉన్న పిల్లలో చూడవలసినవి ఇంట్లో రోజూ కనిపించేవే. ఒంటికి, రెంటికి వస్తోందని ముందుగా చెప్పగలగడం, లాగు తానే విప్పుకోగలగడం వీటిలో మొదటిది. రాత్రి పక్క తడపడం ఐదేళ్ల వరకు మామూలే, దానికీ బడికీ సంబంధం లేదు. పగటిపూట అదుపు ఉందా లేదా అన్నదే ప్రశ్న. క్యారేజీ మూత తీసి, తల్లో బామ్మో ముద్దలు పెట్టకుండా, సగం కింద పోసుకున్నా సరే, తిని లేవడం రెండోది. ఇక్కడ ఉమ్మడి కుటుంబపు ముద్దు అడ్డుపడుతుంది. నాలుగేళ్లు దాటినా కథ చెబుతూ నోటికి అందించే ఇళ్లు కొల్లలు. ఆ పిల్ల ఎల్‌కేజీలో క్యారేజీ తెరవకుండానే తిరిగి తెస్తే తప్పు పిల్లదీ కాదు, టీచరుదీ కాదు.

మూడోది మాట. మూడేళ్ల పిల్ల మాటలో ముప్పావు వంతు కొత్తవారికి అర్థం కావాలి, నాలుగేళ్లకు దాదాపు అంతా అర్థం కావాలి. అమ్మకు మాత్రమే తెలిసే మాటలతో నాలుగేళ్లు దాటితే ముందు చెవులు చూపించాలి. బడి సంగతి ఆ తర్వాత. గులిమి పేరుకుపోవడం, తరచూ వచ్చే జలుబుతో చెవిలో నీరు చేరడం వల్ల వినికిడి తగ్గి, పిలిస్తే పలకని పిల్లను పెంకిదని అనేస్తారు. కన్ను కూడా అంతే. ఒక కన్ను మందగించిన పిల్లకు ఆ సంగతి తెలియదు, ఎందుకంటే తనకు మొదటి నుంచీ లోకం అలాగే కనిపిస్తోంది. పిల్లల ఆరోగ్య పరీక్షల కోసం ప్రభుత్వం నడిపే రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద అంగన్‌వాడీ పిల్లలను ఏడాదికి రెండుసార్లు పరీక్షించాలి. అంగన్‌వాడీ మానేసి నేరుగా కాన్వెంటుకు వెళ్లిన పిల్ల ఆ పరీక్షకు దూరమయ్యే అవకాశం ఉంది కాబట్టి, చేర్చే ముందు ఆసుపత్రిలో కళ్లూ చెవులూ ఒకసారి చూపించడం మంచిది.

నిద్ర గురించి ఎవరూ అడగరు. మూడు నుంచి ఐదేళ్ల పిల్లకు మధ్యాహ్నం కునుకుతో కలిపి రోజుకు పది నుంచి పదమూడు గంటల నిద్ర కావాలి. ఊరి చివరికి వ్యాను ఏడున్నరకు వస్తుందనుకుంటే ఆరున్నరకు లేపాలి. సీరియళ్లు ముగిసి ఇల్లంతా పడుకునేసరికి రాత్రి పది. మధ్యాహ్నపు కునుకు తరగతి గదిలో పోయింది. మిగిలింది ఎనిమిదిన్నర గంటలు. ఆ పిల్ల పదకొండింటికి బల్ల మీద తల వాల్చేస్తే చదువు మీద ఆసక్తి లేదని డైరీలో రాసి పంపుతారు. వ్యాను వేళ మారదు కాబట్టి ఇంటి వేళ మార్చగలమా అని చూసుకోవాలి. మార్చలేని ఇంటికి, పిల్ల ఎంత చురుకైనదైనా, దూరపు బడి ఆ ఏడాదికి సరిపడదు.

ఇక చేయి. తలమీదుగా చెవిని పట్టుకున్న చేయి ఇప్పుడు పెన్సిలు పట్టుకోవాలి. మణికట్టులో ఎనిమిది చిన్న ఎముకలుంటాయి. పుట్టినప్పుడు అవి ఎముకలు కావు, మృదులాస్థి ముక్కలు. ఏడాదికి కొంచెంగా ఒక్కొక్కటీ గట్టిపడుతూ వస్తాయి, చివరిది గట్టిపడేసరికి తొమ్మిది, పదేళ్లు దాటుతాయి. మూడేళ్లకు సున్నా చుట్టడం వస్తుంది, నాలుగు దాటాక చతురస్రం, ఐదేళ్లకు త్రిభుజం. ఏ అక్షరం రాయాలన్నా గీతను ఎక్కడ ఆపాలో, ఎటు తిప్పాలో చేతికి తెలియాలి. తెలుగు లిపి గుండ్రనిది కాబట్టి సులువని అనుకుంటారు. సున్నా సులువే. కానీ మనం మొదలుపెట్టేది 'అ'తో. లోపలికి చుట్టి, పొట్ట పోసి, మళ్లీ తిప్పి తేవలసిన ఆ అక్షరం మూడున్నరేళ్ల చేతికి పెద్ద పరీక్ష. 'ర', 'గ', 'ట' లాంటివాటితో మొదలుపెడితే చేయి అంత తడబడదు.

ఈ విషయంలో అక్షరాభ్యాసం చేసే పద్ధతి కాన్వెంటు కన్నా తెలివైనదిగా కనిపిస్తుంది. మూడో ఏటో, ఐదో ఏటో వసంత పంచమినాడు పళ్లెంలో బియ్యం పోసి, పిల్ల చూపుడువేలు పట్టుకుని 'ఓం నమః శివాయ సిద్ధం నమః' అని రాయిస్తారు. ఓనమాలు అనే మాట అందులోంచి వచ్చిందే. బియ్యంలో వేలితో రాసింది తప్పైతే అరచేత్తో చెరిపేయవచ్చు, పెన్సిలు బిగించి పట్టనక్కరలేదు, గీతల మధ్యే ఉండాలన్న నియమం లేదు. తర్వాత ఇసుక, ఆ తర్వాత బలపం, పలక. పాత వీధిబడి వరస అది. ఇప్పుడు వసంత పంచమినాడు బియ్యంలో రాసిన పిల్ల చేతికి జూన్‌లో నాలుగు గీతల పుస్తకం వస్తుంది, అదీ కలిపిరాత అక్షరాలతో. మధ్యలో ఉండవలసిన రెండు మూడేళ్ల చేతిపని ఎక్కడికో జారిపోయింది. చిక్కుడుకాయలు ఒలవడం, పూసలు గుచ్చడం, చపాతీ పిండి పిసకడం, ముగ్గుపిండితో చుక్కలు పెట్టడం, చొక్కా గుండీలు పెట్టుకోవడం ఆ చేతిపనే. దాన్ని ఇంట్లో చేయించిన పిల్లకు ఆరో ఏట రాత త్వరగా పట్టుబడుతుంది.

పిల్ల సిద్ధమా అన్న ప్రశ్నకు జోడుగా బడి సిద్ధమా అన్న ప్రశ్న కూడా వేయాలి. పిల్లను మార్చడం కన్నా బడిని ఎంచుకోవడం మన చేతిలో ఎక్కువ ఉంది కూడా. 2013 నాటి జాతీయ శిశు సంరక్షణ, విద్యా విధానం మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకు ఇరవై మందికి ఒక పెద్ద మనిషి ఉండాలని, రోజుకు మూడు నాలుగు గంటల కార్యక్రమం చాలని, అందులోనే చిరుతిండికీ విశ్రాంతికీ సమయం ఉండాలని చెప్పింది. దీన్ని చేతిలో పట్టుకుని ఏ పట్టణంలోనైనా నాలుగు వీధులు తిరిగితే ఎన్ని ఎల్‌కేజీలు నిలబడతాయో చూడవచ్చు. తొమ్మిది నుంచి నాలుగు వరకు బల్లల మీద కూర్చోబెట్టే గదులే ఎక్కువ కనిపిస్తాయి.

చేర్చే ముందు బడికి వెళ్లి ఆఫీసు గదిలో కాకుండా ఎల్‌కేజీ గది గుమ్మం దగ్గర పది నిమిషాలు నిలబడాలి. మరుగుదొడ్డి ఎంత దూరంలో ఉంది, చిన్న కాళ్లకు అందేలా ఉందా, వెంట వెళ్లడానికి ఆయా ఉందా. ఒంటికి వెళ్లాలన్నా ఇంగ్లీషులో అడిగితేనే పంపే నియమం ఉందా. ఈ చివరిది చిన్నదిగా కనిపిస్తుంది కానీ, ఎన్నో చడ్డీలు తడవడానికి కారణం ఇదే. ఆ నియమం ఉన్న బడిలో ఏ పిల్లనూ చేర్చకపోవడమే మంచిది. చేర్చుకునేందుకు పిల్లకు పరీక్ష పెడుతున్నారా అన్నదీ చూడాలి. విద్యాహక్కు చట్టం 13వ సెక్షను పిల్లనూ తల్లిదండ్రులనూ పరీక్షించి ఎంపిక చేయడాన్ని నిషేధించింది, కానీ ఆ చట్టం పరిధి ఆరేళ్ల నుంచి కావడంతో ఎల్‌కేజీ దాని గడప బయటే నిలబడింది. పిల్లల మీద చదువు బరువు తగ్గించే దారి చెప్పమని కేంద్రం వేసిన యశ్‌పాల్ కమిటీ 1993లోనే పసిపిల్లల ప్రవేశాలకు పరీక్షలూ ఇంటర్వ్యూలూ వద్దంది. ముప్పై ఏళ్లు దాటినా ఆ మాట చాలా గడపలు దాటలేదు.

భాష సంగతి శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలలో ఇంకొంచెం చిక్కు. ఇచ్ఛాపురం, కవిటి వైపు ఇంట్లో ఒడియా మాట్లాడే కుటుంబాలున్నాయి. మందస, మెళియాపుట్టి కొండల్లో సవర గిరిజనుల పిల్లలున్నారు. 2022 ఏప్రిల్‌లో పార్వతీపురం మన్యం జిల్లా విడిపోయాక సవర, జాతాపు గూడేలు చాలావరకు అటు వెళ్లాయి కానీ అన్నీ కాదు. ఒడియా ఇంటి పిల్ల తెలుగు వీధి దాటి ఇంగ్లీషు గదిలో కూర్చుంటే, తనకు అక్కడ చెబుతున్నది తెలియక మూగబోతుంది. ఆ మౌనాన్ని సిద్ధంగా లేదని రాసేస్తారు. వంశధార తీరంలో పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉంటూ సవర నేర్చుకుని, సవర పిల్లలకు వాళ్ల భాషలోనే వాచకాలు రాసి, బడులు పెట్టారు. ఆయన జన్మదినాన్ని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుతాం, సవర పిల్లల కోసం చేసిన ఆ పని మాత్రం ఉపన్యాసాల్లో వెనక్కి పోతుంది. ఇంటి భాషలో నాలుగు మాటలు మాట్లాడే ఒక్క మనిషి, ఆయా అయినా సరే, ఆ గదిలో ఉంటే పిల్ల త్వరగా కుదురుకుంటుంది.

అంగన్‌వాడీని తక్కువచేసి చూడటం ఈ మొత్తం వ్యవహారంలో నష్టం కలిగించే విషయం. అంగన్‌వాడీలను నడిపేది 1975 అక్టోబరు 2న మొదలైన సమగ్ర శిశు అభివృద్ధి పథకం; అందులో మూడు నుంచి ఆరేళ్ల పిల్లల ఆటపాటల చదువు మొదటి నుంచీ భాగమే. గుడ్డు పెడతారు, బరువు తూస్తారు, నడిచి వెళ్లేంత దగ్గరలో ఉంటుంది, ఇంటి భాషే అక్కడి భాష. మూడున్నరేళ్ల పిల్లకు ఇంతకన్నా కావలసింది ఎక్కువ లేదు. కానీ టై ఉండదు, బూట్లు ఉండవు, సాయంత్రం హోంవర్కు ఉండదు. అందుకే అక్కడ ఏమీ చెప్పరన్న మాట పుడుతుంది. కొన్నిచోట్ల ఆ మాట నిజం కూడా. ఒకే కార్యకర్త గర్భిణుల జాబితా, టీకాల రోజు, తూకాలు, ఫోనులో వివరాలు ఎక్కించడం అన్నీ చూస్తుంటే పిల్లలతో పాట పాడే సమయం మిగలదు. కాబట్టి అంగన్‌వాడీ అన్న పేరు చూసి కాక, అక్కడి మనిషిని చూసి తేల్చుకోవాలి. నవ్వుతూ పిల్లల మధ్య కింద కూర్చునే టీచరమ్మ ఉన్న అంగన్‌వాడీ, బెత్తం బల్ల మీద ఉన్న కాన్వెంటు కన్నా మూడున్నరేళ్ల పిల్లకు చాలా మేలు.

ఇదంతా ఇంట్లో ఎవరో ఒకరు ఉండి పిల్లను చూసుకునే వాళ్లకు చెప్పే మాట అని ఎవరైనా అంటే ఆ మాట తోసిపుచ్చలేనిది. పలాసలో జీడిపప్పు పరిశ్రమల్లో పని చేసే తల్లికి, పైడిభీమవరం ఫార్మా కంపెనీ షిఫ్టుకు వెళ్లే తల్లికి ఎల్‌కేజీ అంటే పిల్లను కాపాడే చోటు. మగవాళ్లు చేపల వేట కోసం గుజరాత్‌లోని వేరావల్ దాకా వెళ్లిపోయే తీరపు ఊళ్లలో పిల్లలు అమ్మమ్మల చేతుల్లో పెరుగుతారు. మోకాళ్ల నొప్పుల అమ్మమ్మ నాలుగేళ్ల పిల్లవాడి వెంట రోజంతా పరుగెత్తలేదు. ఇలాంటి ఇళ్లలో పిల్లవాడు సిద్ధంగా లేడని ఇంట్లో ఉంచమనడం సలహా కాదు. వాళ్లు చేయగలిగింది, కాపాడే చోటుగానే బడిని ఎంచుకోవడం. రాతపని అడగని చోటు, మధ్యాహ్నం చాప వేసి పడుకోబెట్టే చోటు, దగ్గరి చోటు. పిల్లవాడు ఎల్‌కేజీలో ఉన్నాడన్న పేరున్నా, ఏడాది చివర యూకేజీకి తోయవలసిన పనిలేదని మొదటే చెప్పి చేర్చవచ్చు.

చేర్చాక మొదటి రెండు వారాల ఏడుపు చూసి బెదరనక్కరలేదు. అమ్మ గేటు దాటిన పది నిమిషాలకు ఏడుపు ఆగుతోందా అని ఆయాను అడగాలి. ఆగుతుంటే అది విడిపోయే బాధే. జూలై వానల్లో జ్వరాలు వచ్చి వారం మానేస్తే మళ్లీ మొదటికి వస్తుంది, అదీ సహజమే. దసరా సెలవుల నాటికి కూడా రోజూ పొద్దున్నే కడుపునొప్పి, మానేసిన పక్కతడుపు మళ్లీ మొదలు కావడం, ఇంట్లో మాట తగ్గిపోవడం కనిపిస్తే అప్పుడు ఆగి ఆలోచించాలి. విజయనగరంలో దసరా వెళ్లాక జరిగే పైడితల్లి అమ్మవారి సిరిమాను సంబరం ముగిసే నాటికి ఆ నిర్ణయం తీసుకుంటే ఏడాదిలో సగం పైన ఇంకా మిగిలి ఉంటుంది. అప్పుడు మాన్పించి అంగన్‌వాడీకి పంపినా, అదే బడిలో కింది తరగతికి మార్పించినా, వచ్చే జూన్‌లో ఎల్‌కేజీ మళ్లీ చదివించినా ఫీజు తప్ప పోయేది లేదు. నాలుగో తరగతి మళ్లీ చదివించడమైతే తోటివాళ్లకు తెలుస్తుంది, పిల్లకూ తెలుస్తుంది. ఎల్‌కేజీలో మళ్లీ కూర్చున్న పిల్లకు కొత్త నేస్తాలు వచ్చారని మాత్రమే తెలుస్తుంది.